వెండితెర మీద పరుల యాస



చలనచిత్రములలో నటులు తమది కాని యాసను పలుకుటను గూర్చియు, దానిని విని ప్రేక్షకులు తీర్పు చెప్పు విధమును గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది పొద్దుపోవుటకు పనికివచ్చు చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. నేనును చాలకాల మట్లే తలచితిని. అది చిన్న విషయము కాదని నాకు తెలియవచ్చిన తీరు ముందుగా విన్నవించెదను.

మాది మైదుకూరు. ఈ ఊరు నాలుగు త్రోవల కూడలి. ఉత్తరపు త్రోవ ఆళ్ళగడ్డ, నంద్యాలలకు పోవును. దక్షిణపు త్రోవ కడపకు పోవును. పడమట ప్రొద్దుటూరు, తూర్పున బద్వేలు. ఆ కూడలిలో పావుగంట నిలిచిన చాలును, తెలుగు ఎన్ని తీరులుగా పలుకబడునో తెలియును. బద్వేలు వైపు వారి మాటలో నెల్లూరి తీరు కొంత కలిసియుండును; నంద్యాల వైపు వారి మాటలో కర్నూలు తీరు ఉండును. కన్నులు మూసికొని విని, మాటలాడినవాడు ఏ త్రోవను వచ్చెనో చెప్పగల వృద్ధులు మా ఊర కలరు. కావున యాసను గూర్చి తీర్పు చెప్పుట మావారికి బడిలో నేర్పని విద్య.

నా పదునెనిమిదవ యేట మా వీధి కుర్రవారము కలిసి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను నాటకముగా ఆడితిమి. కుంపిణీ ప్రభుత్వము 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరితీసిన ఆ రేనాటి వీరుని కథ మీ రెరుగనిది కాదు. నాకు తెల్లదొర వేషము వచ్చినది. నా నటనా ప్రావీణ్యమంతయు రెండు సూత్రములలో ఇమిడియుండెను. 'త' వచ్చినచోట 'ట' అనవలెను. 'ద' వచ్చినచోట 'డ' అనవలెను. అంతటితో జనులు చప్పట్లు కొట్టిరి. దొర వెంట ఒక సాయిబు బంట్రోతును పెట్టితిమి. వాడు రంగస్థలము మీదికి వచ్చి, 'నేను వస్తాది, నువ్వు పోతాది' అనగానే జనులు పొట్టలు పట్టుకొని నవ్విరి.

ఇంట ఉర్దూ మాటలాడు కుటుంబమున పుట్టిన మిత్రు డొకడు నాకు కలడు. ఆ రాత్రి మా నాటకమునకు పెట్రోమాక్సు దీపములు చూచినవాడు వాడే. మరునాటి ఉదయము దీపములు తిరిగి ఇచ్చుటకు పోవుచుండగా నన్ను నిలిపి, "ఏం రా, నేను యా పొద్దైనా అట్ల మాట్లాడినానా? నేనూ ఈ ఊర్లోనే పుట్టినా కదా" అనెను. వాని గొంతులో కోపము లేదు. నాయొద్ద సమాధానమును లేదు. ఆ ప్రశ్న తిరిగి నా నోటికే వచ్చుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

మొట్టమొదట యాస యనగా నేమి? అది నాలుకకు పట్టిన లోపము కాదు; చెవికి పట్టిన అలవాటు. దొర 'త'ను 'ట' అని పలుకుట కెంతయో నవ్వితిమి గదా. దానికి కారణము కలదు. మనము 'త' అనునప్పుడు నాలుక పండ్లకు తగులును. 'ట' అనునప్పుడు మడచిన నాలుక అంగిలికి తగులును. ఆంగ్లేయుని నాలుక ఆ రెంటికిని నడుమ, పండ్ల వెనుకనున్న చిగురు గట్టునకు తగులును. అనగా వాడు మన 'త'ను గాని 'ట'ను గాని పలుకుట లేదు. మన చెవి ఆ నడిమి ధ్వనిని ఏదో ఒక గూటిలో పెట్టవలెను గనుక 'ట' గూటిలో పెట్టుచున్నది.

ఇందును గూర్చి జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను పండితులు 1984లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ఆంగ్లము మాటలాడు ఇండ్లలోని పసిబిడ్డలకు హిందీలోని 'త', 'ట' ధ్వనులను వినిపించి చూచిరి. ఆరు, ఎనిమిది నెలల బిడ్డలు ఆ భేదమును గుర్తింపగలిగిరి. పది, పండ్రెండు నెలలు వచ్చుసరికి ఆ శక్తి చాలవరకు సన్నగిలెను. తల్లి మాటలో అక్కరలేని భేదమును చెవి విడిచిపెట్టుచున్నదన్నమాట. ఇంకను నడక రాని ప్రాయముననే మనకందరకును యాస కుదురుచున్నది. కావున యాస లేని మనుష్యుడు లోకమున లేడు. ఎదుటివానికి యాస కలదనియు, మనకు లేదనియు తలచుట, మన యింటి వాసన మనకు తెలియకపోవుట వంటిది.

ఇక చిత్రముల సంగతికి వత్తము. నటులు పలుకు పరుల యాస మూడు విధములుగా నుండునని నాకు తోచుచున్నది. వానిని ప్రేక్షకులు తూచు త్రాసులును వేరువేరు.

మొదటిది కల్పిత యాస. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' మీలో చాలమంది చూచియుందురు. అందు నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావుగారు వేరొకచోట వినని తీరున తెలుగును పలికిరి. ఆయన నోట 'డింభకా' యన్న మాట నేటికిని పల్లెలలో పిల్లలు పలుకుచున్నారు. అది నేపాళ దేశపు యాస యగునా యని ఎవరును అడుగలేదు. అడుగవలసిన పనియును లేదు. అది కథలోని మాంత్రికుని యాస. ఆ లోకమునకు చెందిన మనుష్యుడు ఈ లోకమున లేడు. ఇట్టి యాసకు ప్రేక్షకుని వినోదమే త్రాసు.

రెండవది పరదేశపు వాని యాస. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రమున జగ్గయ్యగారు రూథర్‌ఫర్డ్ దొర వేషము ధరించిరి. ఆయన పూర్వము ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారు. రేడియోలో మనిషి కనబడడు; మాటయే మనిషి. ఆ విద్య తెలిసినవారు గనుక నేను నాటకములో చేసినట్లు అక్షరములను విరిచి నవ్వింపక, దొరను ఆలోచన గల అధికారిగా నిలిపిరి. ఆ యాస నిజముగా ఆంగ్లేయునిదేనా యని చెప్పగల ఆంగ్లేయుడు మన హాలులో లేడు. అయినను మనము మెచ్చితిమి. మనము మెచ్చినది యాసను గాదు. ఆ యాస వెనుకనున్న మనిషిని. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రమునకు దొర, దొరసాని వేషములకు రే స్టీవెన్సన్, ఆలిసన్ డూడీ అను ఐరోపా నటులనే తెచ్చిరి. ఇందొక చమత్కారము కలదు. డూడీ పుట్టినది డబ్లిన్ నగరమున. స్టీవెన్సన్ పుట్టినది ఐర్లండు ద్వీపపు ఉత్తర భాగమున. ఆంగ్లేయుల పాలనతో శతాబ్దములు పెనుగులాడిన ఆ ద్వీపమున పుట్టినవారు మన తెరమీద ఆంగ్ల ప్రభువులైరి. మనకు ఆ భేదము తెలియలేదు. వారి చెవులకు మైదుకూరు యాసకును మచిలీపట్టణపు యాసకును భేదము తెలియనట్లే.

ఇదే పని మన విషయమున పరులు చేసినప్పు డెట్లుండెను? 1982లో వచ్చిన 'గాంధీ' చిత్రమున బెన్ కింగ్స్‌లే అను ఆంగ్ల నటుడు మహాత్ముని వేషము ధరించెను. ఆయన తండ్రి గుజరాతీ కుటుంబమువాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు కృష్ణ భాన్‌జీ. అయినను పెరిగినది ఇంగ్లండులో. ఆ చిత్రము చూచిన మనవారు ఆయన పలుకులో ఎన్ని తప్పులున్నవని లెక్కపెట్టుచు కూర్చుండలేదు. మహాత్ముని ఓర్పును, హాస్యమును, పట్టుదలను ఆ గొంతులో విని, మనవాడే యనుకొనిరి.

దీనికి ఎదురైన ఉదాహరణము కూడ కలదు. 1964లో అమెరికావారు తీసిన 'మేరీ పాపిన్స్' చిత్రమున డిక్ వాన్ డైక్ అను అమెరికా నటుడు లండను నగరమున పొగగొట్టములు తుడుచు కూలివాని వేషము వేసెను. ఆ చిత్రమునకు ఐదు ఆస్కారు బహుమానములు వచ్చినవి. అమెరికావారు ఆయన మాట విని మురిసిరి. లండనువారు మాత్రము ఇది మా కూలివాని యాస కాదని యాబది యేండ్లు ఎగతాళి చేయుచునే యుండిరి. తుదకు 2017లో ఆంగ్లేయులు ఆయనకు సన్మానము చేయబూనినప్పుడు ఆ యాసకు ఆయనయే నవ్వుచు క్షమాపణ చెప్పుకొనెను. ఇందు మనము గ్రహింపవలసిన దొకటి కలదు. యాసకు చప్పట్లు కొట్టువారు సాధారణముగా ఆ యాస లేనివారు. తీర్పు చెప్పదగినవారు ఆ యాసలో తల్లిని పిలిచినవారు.

ఈ మాట మూడవ విధమునకు దారితీయును. అది పొరుగువాని యాస. భాష ఒక్కటే, సీమ వేరు. ఇక్కడ తీర్పు చెప్పవలసినవాడు దూరదేశమున లేడు. అదే హాలులో, అదే బెంచీ మీద కూర్చుండి యుండును. నా మిత్రుని ప్రశ్న నా నోటికి వచ్చినది ఈ విధమును తెరమీద చూచిననాడే.

తెలుగు చిత్రములకు మన సీమవారు చేసిన సేవ తక్కువది కాదు. వాహినీ చిత్రములు తీసిన బి.ఎన్. రెడ్డిగారును, విజయా సంస్థను నడిపిన ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారును కడప జిల్లావారు. 'పాతాళభైరవి'ని తీసిన కె.వి. రెడ్డిగారు తాడిపత్రి ప్రాంతమువారు. అయినను చెన్నపట్టణమున రూపుదిద్దుకొన్న చిత్రముల భాష, కృష్ణా గోదావరి గుంటూరు జిల్లాల నాటకకర్తల చేతులలో కుదిరినది. తక్కిన సీమల మాట నవ్వించుటకో భయపెట్టుటకో మాత్రము పిలువబడెను. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కృష్ణా జిల్లావాడైన కోట శ్రీనివాసరావుగారు దుష్టుడైన నాయకునికి తెలంగాణపు యాసను ఇచ్చి పేరు పొందిరి. నటన గొప్పదే. ఐనను ఆ రోజులలో తెలంగాణమువాడు హాలులో కూర్చుండి, నాయకునికి లేని నా యాస ఈ దుష్టునికే ఎందుకు వచ్చినదని తలచియుండడా?

తరువాత మనవంతు వచ్చినది. చిత్రముల వ్యాపారులు మన సీమను నేటికిని 'సీడెడ్' అందురు. 1800వ సంవత్సరమున నైజాము ప్రభువు ఈ జిల్లాలను కుంపిణీవారికి దత్తము చేసినందున వచ్చిన పేరది. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చి మిక్కిలి ఆడినవి. పిమ్మట కొన్నియేండ్లు, బాంబులు, కొడవళ్ళు, లేచిపోవు వాహనములు లేని సీమ తెరమీద కనబడుట అరుదయ్యెను. ఆ రెండు చిత్రములలోను ప్రతినాయకుడైన జయప్రకాశరెడ్డిగారు సిరివెళ్ళవారు, మనవారు. ఉపాధ్యాయుడుగా పనిచేసి నటుడైరి, 2020లో స్వర్గస్థులైరి. ఆయన పలికిన సీమ మాట అక్షరాల నిజమైనది. మా హాలులో దానిని విని ఈలలు వేసినవారిలో నేనును ఒకడను. మన మాట తెరమీద వినబడుటయే అప్పుడొక పండుగ.

కాని ఇంటికి నడచివచ్చుచుండగా ఒక సంగతి మనస్సునకు తట్టినది. ఇట్టి చిత్రములలో సీమలో పుట్టిన కథానాయకుడు చాలవరకు కోస్తా తెలుగు మాటలాడుచున్నాడు. సీమలో పుట్టిన ప్రతినాయకుడు సీమ తెలుగు మాటలాడుచున్నాడు. ఒకే ఊరి నీళ్ళు త్రాగిన ఇద్దరిలో మంచివానికి యాస లేదు, చెడ్డవానికే కలదు! అప్పుడు నా మిత్రుడు దీపములు చేతబట్టుకొని అడిగిన మాట జ్ఞాపకము వచ్చినది. ఆ తప్పు నేను ముందే చేసియుంటిని. మా నాటకములోని సాయిబు యాస తప్పు గనుక వానికి కష్టము కలిగినదని తలచితిని. అది సగము నిజము. యాస సరిగా నున్నను, ఆ యాస గలవానికి నవ్వులపాటు తప్ప వేరొక బ్రతుకు మేమీయలేదు. అదియే అసలు నొప్పి.

సీమ యాసను ఇతరులు పలుకునపుడు ఎక్కడ తప్పిపోవుదురో కొంచెము వివరించెదను. యాసకు మూడు పొరలు కలవు. పై పొర మాటలు. 'ఎక్కడికి' అనుటకు 'యాడికి', 'ఏమిటి' అనుటకు 'ఏంది'. వీనిని ఒక పూటలో నేర్వవచ్చును. రెండవ పొర క్రియలు. కోస్తావారు 'వచ్చాడు' అన్నచోట మనము 'వచ్చినాడు' అందుము. 'వెళ్తున్నావు' అన్నచోట 'పోతాండావు' అందుము. 'ఉంది' అన్నచోట 'ఉండాది' అందుము. 'యాడికి వెళ్తున్నావు' అని నటుడు పలికినచో, తల మనది, కాళ్ళు పరులవి. మా ఊరి ముసలమ్మకు అది వెంటనే తెలియును. మూడవ పొర రాగము. ఏ అక్షరమును సాగదీయవలెనో, ఎచ్చట ఆగవలెనో, ఎవరియెదుట గొంతు తగ్గింపవలెనో తెలియుట. ఇది పుస్తకమున దొరకదు. ఇండ్లలో కూర్చుండి వినవలెను.

వీనితోపాటు వరుసలు కలవు. సీమ ఇంటి కథయని చెప్పి, పినతండ్రిని 'బాబాయ్' అని పిలిపింతురు. మన ఇండ్లలో 'చిన్నాయనా' అందుము. తండ్రి తల్లిని 'జేజి' అందుము. చిన్నవానిని 'అబ్బీ' అందుము. తెరమీది సీమవాడు ఎల్లప్పుడు అరచుచుండును. మన పెద్దలు పంచాయతిలో కూర్చుండి ఎంత మెల్లగా మాటలాడుదురో, ఆ మెల్లని మాట కెంత బరువుండునో వారు వినియుండలేదు. సీమ యంతయు ఒక్కటే యనుకొనుట మరియొక పొరపాటు. చిత్తూరు మాటలో అరవపు గాలి కలదు. అనంతపురపు మాటలో కన్నడపు గాలి కలదు. కడప పట్టణమున ఉర్దూ నుడులు కలిసిపోయినవి.

పని జరుగు తీరును ఇందుకు తోడ్పడుచున్నది. చిత్రము తీసిన తరువాత మాటలను వేరుగా గదిలో పలికించి చేర్చుట మన చిత్రములలో అలవాటు. తెరమీద ముఖ మొకరిది. గొంతు వేరొకరిది కావచ్చును. మాటలు వ్రాసిన కలము ఇంకొకరిది. ముగ్గురును సీమ ఎరుగనివారే యైనప్పుడు, మూడు చేతులు మారిన సీమ మాట మన చెవికి చేరుసరికి ఎట్లుండునో ఊహింపుడు.

అట్లని పరులు మన యాస పలుకరాదని నేను చెప్పుట లేదు. అట్లైన నటన యను కళయే లేదు. 2017లో వచ్చిన 'ఫిదా' చిత్రమున బాన్సువాడ పిల్లగా సాయిపల్లవి నటించెను. ఆమె నీలగిరులలోని బడగ కుటుంబమున పుట్టినది; తెలుగే ఆమె ఇంటి భాష కాదు. అయినను తెలంగాణపు మాటను నేర్చి తన గొంతుతోనే పలికెను. ఆ పిల్ల కథలో నవ్వును, అలుగును, తండ్రిని ప్రేమించును, పౌరుషము చూపును. తెలంగాణమువారు ఆమెను తమ ఇంటి ఆడుబిడ్డగా ఆదరించిరి. పుట్టుక అడ్డు రాలేదు.

మన సీమ విషయమునను మంచి మార్పు కనబడుచున్నది. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ'లో కథానాయకుడే సీమ మాట పలికెను. ఆ చిత్రమునకు ఒక పాట వ్రాసిన పెంచల్ దాస్ కడప సీమవాడు. కత్తి పట్టినవాని కేకయే గాక, మగని పోగొట్టుకొన్న ఇంటి శోకమును, పగను మానుకొమ్మను వేడికోలును అందు వినబడినవి. 2021లో వచ్చిన 'పుష్ప'లో అల్లు అర్జున్ చిత్తూరు యాసను పలికెను. ఆ నటనకు 2023లో ప్రకటించిన జాతీయ ఉత్తమ నటుని బహుమానము లభించినది. తెలుగు నటునికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. దొంగదుంగల కథయందు ఆ యాస వినబడుట కొందరికి నచ్చలేదు. ఆ మాటయందును న్యాయము కలదు. ఐనను కథానాయకుడు ప్రేమించుటకు, అవమానపడుటకు, తల్లియెదుట ఏడ్చుటకు అదే యాసను వాడుకొనెను. ఇరువది యేండ్ల క్రిందట అది దుర్లభము.

ఇంత దూరము ఎందుకు తరచి చెప్పుచుంటినో ఇప్పుడు విన్నవించెదను. మా అన్నగారి మనుమడు నగరమున కళాశాలలో చదువుచున్నాడు. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చెను. భోజనము వేళ వాని జేజి, "బువ్వ తింటివా అబ్బీ?" అనగా వాడు, "తిన్నాను నానమ్మా" అనెను. ఆమె చేతిలోని గరిటె అట్లే నిలిచిపోయెను. "వీడేంది, సినిమావోళ్ళ మాదిరి మాట్లాడతాండాడు" అని నవ్వెను గాని, ఆ నవ్వు పూర్తి నవ్వు కాదు. రాత్రి ఆరుబయట పడుకొనినప్పుడు నేను మెల్లగా అడిగితిని. కళాశాలలో చేరిన మొదటివారమున ఎవరినో "యాడికి పోతాండావు?" అని అడిగెనట. చుట్టునున్నవారు నవ్వి, "మీ ఇంట్లో బాంబులెన్ని?" అనిరట. నాటినుండి వాడు గదిలో ఒంటిగా కూర్చుండి చిత్రములు చూచుచు 'వచ్చాడు, వెళ్ళాడు' అని అభ్యసించెనట.

అయ్యలారా, పరుల యాస పలుకు నటులను గూర్చి గదా నా ప్రసంగము! ఆ నటులలో పెద్దవాడు మా ఇంటనే యుండెను. తెరమీది నటుడు తప్పు పలికినచో మరల పలుకవచ్చును. ఈ పిల్లవానికి ఆ వీలు లేదు. ప్రతిదినము వాని వేషము పరీక్షకు నిలుచును. ప్రతి మిత్రుడును ప్రేక్షకుడే.

వానికి నేను రెండు సంగతులు చెప్పితిని. మీ ఇండ్ల పిల్లలకును చెప్పుడు. తెలుగు భాషలో వ్రాయబడిన తొలి శాసనముగా పండితు లెంచు కలమళ్ళ శాసనము మన కడప జిల్లాలోని ఎర్రగుంట్ల ప్రాంతమున, సుమారు 575వ సంవత్సరమున, రేనాటి చోళులు వేయించినది. తెలుగు రాతికెక్కిన తావు మనది. రెండవది. 'నిన్న వస్తిని, పోతిమి, ఏం జేస్తివి' అని మన పల్లెలలో అందుము గదా. నేను ఈ ప్రసంగమున 'వచ్చితిని, పోయితిమి, చేసితివి' అని గ్రంథముల రీతిని పలుకుచున్నాను. చూడుడు, రెండును ఒక తల్లి బిడ్డలే. పుస్తకములలో గౌరవము పొందు రూపమును మన ముసలమ్మలు నాలుక మీద కాపాడుచుండగా, దానిని మోటయని దాచుకొనుట ఎంతటి పొరపాటు!

నగరమున నలుగురితో కలిసిన మాట నేర్చుకొనుట తప్పు కాదు. నలుగురిలో నడచుటకు చెప్పులు తొడుగుకొందుము. ఇంటికి వచ్చి విడుతుము. కాళ్ళనే విడువ నక్కరలేదు.

ఇక చిత్రము చూచునప్పుడు పెద్దలు తీర్పు చెప్పుట కొక త్రాసును మనవి చేసి ముగించెదను. నటుడు ఎన్ని అక్షరములు తప్పెనని లెక్కింపకుడు. ఆ యాస గల మనిషికి కోపము గాక వేరేమైన ఇచ్చిరా యని చూడుడు. వాడు బిడ్డను ముద్దాడునా? అప్పు తీర్చునా? దేవునికి మ్రొక్కునా? ఆ యాసవాడు మీ ప్రక్కనే కూర్చుండియుండినచో తలయెత్తుకొని చూడగలడా? ఈ త్రాసును పరులమీదనే గాక మనమీదను వాడవలెను. నెల్లూరివాని దీర్ఘమును, అరవవాని పలుకును, తండాలనుండి వచ్చు లంబాడీవారి తెలుగును వెక్కిరించి నవ్వుట మన రచ్చబండల మీదను కలదు. మనము నవ్వినపుడు వినోదము, మనలను చూచి నవ్వినపుడు అవమానము అనుట న్యాయము కాదు.

దీపములు చూచిన ఆ మిత్రుడు నేడు లేడు. ఆ ఉదయము నేను చెప్పవలసియుండిన సమాధానము వానికి చెప్పకయే కాలము గడిచిపోయినది. ఈ ఆకాశవాణి మాట ఎంతదూరము పోవునో నాకు తెలియదు గాని, ఇప్పుడైనను చెప్పెదను.

"లేదు రా. నువ్వు యా పొద్దూ అట్ల మాట్లాడల్యా."